ఎండు మెత్తళ్ళ ఊసు లేని కరపత్రం: డాక్టర్లకు ఏ శిక్షణ ఎంచుకోవాలి?

"ఉన్నతంగా ఉంచడమంటే ఏంటండీ?" అనడిగాడాయన. గోదారి లంకలోంచి పడవ దాటి వచ్చిన రైతు. అరవై దాటాయి, ఎడమకాలు బోదకాలు. చేతిలో ఉన్నది మేమిచ్చిన కాగితమే. మంచి పేరున్న విదేశీ వెబ్‌సైటు నుంచి తీసి, ఫోనులో అనువాదం చేయించి, ప్రింటు కొట్టి ఇచ్చాం. అందులో మూడో వాక్యం "మీ కాలును ఉన్నతంగా ఉంచండి". పక్కనున్న కూతురు "కాలు ఎత్తు మీద పెట్టుకోమని నాన్నా" అంది. కాగితం ఇచ్చింది ఎండీ చదివిన నేను, అర్థం చెప్పింది పదో తరగతితో చదువాపేసిన అమ్మాయి.

ఆ రోజు నుంచీ మా చుట్టుపక్కల డాక్టర్లకు నెట్‌లో దొరికే ఆరోగ్య సమాచారాన్ని వెతికి, నమ్మదగ్గదేనా అని తూచి, పేషెంటుకు అర్థమయ్యేలా అందించడంలో శిక్షణ పెట్టాలని తిరుగుతున్నాను. ఒకరోజు వర్క్‌షాపు, ఆన్‌లైన్ కోర్సు, ఓపీలోనే నేర్చుకోవడం, తయారుగా ఉన్న జాబితా చేతిలో పెట్టడం, ఈ నాలుగూ ఏదో ఒక రూపంలో చేసి చూశాం. పాలకొల్లులో చిన్న నర్సింగ్‌హోమ్ నడిపేవారికీ, పీహెచ్‌సీలో మెడికల్ ఆఫీసరుకూ, మెడికల్ కాలేజీలో పాఠం చెప్పేవారికీ ఒకటే పద్ధతి సరిపోదు. మీ దగ్గర ఎంత టైముంది, ఎవరున్నారు అన్నదాన్ని బట్టి ఎంచుకోవడానికే ఇది రాస్తున్నాను.

ముందు, నేర్పాల్సింది ఏమిటి

వెతకడం, తూచడం, అందించడం. మూడూ మూడు వేర్వేరు విద్యలు. చాలా ట్రైనింగులు మొదటిదాని దగ్గరే ఆగిపోతాయి.

వెతకడమే తీసుకోండి. మనం చదువంతా ఇంగ్లీషులో చదివాం. ఇంగ్లీషులో టైపు చేస్తే మనకు వచ్చే పేజీలు వేరు, మన పేషెంటు తెలుగులో మైకు నొక్కి అడిగితే ఆయనకు వచ్చేవి వేరు. శిక్షణలో నేను మొదట చేయించేది ఒకటే: ఫోను తీసి "పచ్చకామెర్లు" అని తెలుగులో వెతకమంటాను. మొదటి తెర నిండా పసరు మందులు, ఆకులు, నాటు వైద్యం వీడియోలు. లివరు స్పెషలిస్టులు కూడా నోరెళ్ళబెడతారు, ఎందుకంటే వాళ్ళెప్పుడూ ఆ మాటతో వెతకలేదు. పుస్తకం మాటకూ జనం మాటకూ ఉన్న దూరం కూడా అక్కడే తెలుస్తుంది. "మధుమేహం" అని వెతికితే వచ్చేది ఒకటి, "షుగరు" అని వెతికితే వచ్చేది ఇంకొకటి. "మూర్ఛ", "ఫిట్స్" కూడా అంతే. రెండు మాటలతోనూ వెతకడం అలవాటు చేయకపోతే శిక్షణ సగమే.

అందించడం అన్నదానికి ఒక పాత నమూనా ఉంది. 2000ల మొదట్లో అమెరికాలో నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్, అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ ఫౌండేషన్ కలిసి డాక్టర్లకు చీటీల పుస్తకాలు ఇచ్చాయి. చూడటానికి మందుల చీటీ లాంటిదే. మందు పేరు బదులు, ఆ లైబ్రరీ జనం కోసం నడిపే ఆరోగ్య వెబ్‌సైటు మెడ్‌లైన్‌ప్లస్‌లో ఏ విషయం చదువుకోవాలో డాక్టరు రాసిస్తాడు. డాక్టరు చేత్తో రాసిచ్చాడంటే పేషెంటు దాన్ని మందులాగే చూస్తాడన్నది అందులో కిటుకు. మన దగ్గర ఇది ఇంకా బాగా పనిచేస్తుందని నా నమ్మకం. మన జనం డాక్టరు చీటీని దాచుకున్నంత భద్రంగా పట్టాదారు పాసుపుస్తకాన్ని తప్ప ఇంకేదీ దాచుకోరు.

ఒకరోజు వర్క్‌షాపు

ఆదివారం, కాకినాడలోనో రాజమండ్రిలోనో ఒక ఏసీ హాలు. పెద్ద తెర, నలుగురు వక్తలు, మధ్యాహ్నం కోడిపలావు. పలావు తర్వాత సగం హాలు ఖాళీ. వెతకడం పొద్దున్న చెబుతారు, పేషెంటుకు అందించడం మధ్యాహ్నానికి పెడతారు. కాబట్టి అసలైనది ఖాళీ కుర్చీలు వింటాయి.

అయినా దీన్ని కొట్టిపారేయను. అయిదేళ్ళలో 30 గంటలు నిరంతర వైద్య విద్య చేయాలన్న నియమం ఉంది కాబట్టి క్రెడిట్ గంటల కోసమైనా జనం వస్తారు. అందరూ ఒకచోట కలిస్తే "నా పేషెంట్లు కూడా అలాగే అంటున్నారండీ" అన్న మాట బయటికొస్తుంది. కొత్తగా మొదలుపెట్టేటప్పుడు ఆ ఊపు కావాలి.

ఈ దారి ఎంచుకుంటే రెండు మార్పులు చేయండి. ల్యాప్‌టాప్ మీద చూపించొద్దు, ఎవరి ఫోను వాళ్ళ చేతిలో ఉండాలి. రేపు ఓపీలో వాడేది అదే. అందించడం పాఠాన్ని పొద్దున్న తొమ్మిదిన్నరకే పెట్టండి. వెబ్‌సైట్ల జాబితా భోజనాల తర్వాత చెప్పినా నష్టం లేదు, అది కాగితం మీద కూడా ఇవ్వొచ్చు. ఒకసారి మాకు వచ్చిన వక్త మూడు గంటలు స్లైడులు చదివి వెళ్ళిపోయారు. ఫోను తీయమని ఒక్కసారి కూడా అనలేదు. వారం తర్వాత అడిగితే ఒక్క వెబ్‌సైటు పేరు కూడా ఎవరికీ గుర్తులేదు. నాతో సహా.

ఆన్‌లైన్ కోర్సు

ఖర్చు తక్కువ, రాత్రి పిల్లలు పడుకున్నాక చేసుకోవచ్చు. మన దగ్గర ప్రాక్టీసులో ఉన్న డాక్టర్లకు అదే పెద్ద ఆకర్షణ. కానీ "నెక్స్ట్" నొక్కుకుంటూ పోయి చివర క్విజ్ పాసైపోయే జబ్బు ఒకటుంది.

తూచడం నేర్చుకోవడానికి మాత్రం దీన్ని మించింది లేదు. కొలతలు నిదానంగా, మళ్ళీ మళ్ళీ చూసుకుంటే తప్ప పట్టుబడవు. డిసర్న్ అని బ్రిటన్‌లో 1990ల చివర్లో తయారైన కొలత ఉంది, 16 ప్రశ్నలు. చికిత్సల గురించిన సమాచారం నమ్మదగ్గదేనా, లాభనష్టాలు రెండూ చెప్పిందా, ఇంకో దారి కూడా ఉందని చెప్పిందా అని అడుగుతుంది. పీమ్యాట్ అనేది అమెరికా ప్రభుత్వ సంస్థ ఏహెచ్‌ఆర్‌క్యూది. అది అడిగేవి రెండే సంగతులు: చదివినవాడికి అర్థమవుతుందా, చదివాక ఏం చేయాలో తెలుస్తుందా. అచ్చు కాగితానికి ఒక పట్టిక, వీడియోకి ఇంకో పట్టిక. రెండింటిలో ఒక్కటే నేర్పే టైముంటే పీమ్యాట్ నేర్పండి. మన దగ్గర అబద్ధం కంటే ఎక్కువగా దెబ్బతీసేది అర్థంకాని నిజం. "ఉన్నతంగా ఉంచండి" అన్నది అబద్ధం కాదు కదా.

రెండూ బరువు అనుకుంటే, 1997లో జామా అనే అమెరికా వైద్య పత్రికలో వచ్చిన నాలుగు ప్రశ్నలు చాలు: ఎవరు రాశారు, ఎక్కడి నుంచి తీసుకున్నారు, డబ్బు ఎవరిది, ఎప్పటిది. విజిటింగ్ కార్డు వెనక రాసుకోవచ్చు.

కోర్సు ఎంచుకునే ముందు రెండు చోట్ల వాసన చూడండి. హాన్‌కోడ్ ముద్ర ఉన్న వెబ్‌సైట్లను నమ్మమని ఇంకా చెబుతోందా? ఆ ముద్ర ఇచ్చే సంస్థ 2022 చివరికి మూతపడింది. ఇప్పటికీ అది చెప్పే కోర్సు పాతబడిందని అర్థం. రెండోది, పేజీ ఎంత సులువో చెప్పే ఫ్లెష్, స్మాగ్ లాంటి సూత్రాలు. వాటిని తెలుగుకు కూడా వాడమంటే అక్కడితో ఆపేయండి. అవి ఇంగ్లీషు పదాల్లో అక్షరాల చప్పుళ్ళు లెక్కపెట్టి పెట్టుకున్న లెక్కలు. "చేయించుకోవాల్సొస్తే" అన్నది తెలుగులో ఒకే మాట, మా ఊళ్ళో ఎవరికైనా అర్థమవుతుంది. ఆ సూత్రానికి మాత్రం అదేదో డాక్టరేటు స్థాయి మాటలా కనబడుతుంది. "శోషరస వాపు" అంతకంటే పొట్టి మాటలు, ఫ్లెష్ సూత్రానికి దానికంటే సులువుగా కనబడతాయి. బోదకాలున్నాయన మాత్రం తల గోక్కుంటాడు.

ఓపీలోనే, ఒక్క కేసుతో

నా ఓటు దీనికే. మేం గురువారం చేస్తాం, మధ్యాహ్నం ఓపీ అయ్యాక పావుగంట. ముగ్గురు నలుగురు డాక్టర్లు, ఒక నర్సు తప్పనిసరి. ఆ వారం నిజంగా వచ్చిన ఒక పేషెంటు, ఆయన అడిగిన ఒక్క ప్రశ్న. పేరు చెప్పం. మూడు ఫోనుల్లో మూడు చోట్ల తెరుస్తాం: ఇంగ్లీషులో ఒక నమ్మదగ్గ పేజీ, తెలుగులో ఒక పేజీ, తెలుగులో ఒక వీడియో.

ఒక గురువారం సంగతి చెబుతాను. బీపీ ఉన్న ఇల్లాలు, భర్తకు రొయ్యల చెరువులు. "ఉప్పు తగ్గించమంటారు, ఎంత తగ్గించాలండీ?" అని అడిగింది. మొదటి ఫోనులో మెడ్‌లైన్‌ప్లస్. 1998 నుంచి ఉంది, ప్రకటనలు ఉండవు, పేజీని ఎప్పుడు సరిచూశారో కింద రాసి ఉంటుంది. తూకంలో దానికి వంక పెట్టలేం. కానీ అందులో సలహా డబ్బా సూపులు, ప్యాకెట్ల మీద లేబుళ్ళు, మాంసం ముక్కల ప్యాకింగుల చుట్టూ తిరిగింది. ఆవకాయ లేదు, చల్లమిరపకాయలు లేవు, ఎండు మెత్తళ్ళ (ఎండబెట్టిన చిన్న చేపలు) ఊసు అసలే లేదు. మా వైపు వానాకాలంలో ఉప్పు లోపలికెళ్ళే దారే అది.

రెండో ఫోనులో వికాస్‌పీడియా, కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడ్యాక్ హైదరాబాద్ నుంచి నడిపే సమాచార వెబ్‌సైటు. తెలుగు చక్కగా ఉంది, కానీ ఎవరు సరిచూశారు, ఎప్పుడు అన్నది వెతుక్కోవాల్సి వచ్చింది. పేజీకీ పేజీకీ నాణ్యతలో తేడా ఉంటుంది, ఒకటి బాగుందని అన్నీ ఇచ్చేయొద్దు. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాను కూడా ఒకరు తెరిచారు. ఎవరైనా దిద్దగలిగేదాన్ని పేషెంటుకు ఇవ్వొద్దని నా అభిప్రాయం. జబ్బుకు తెలుగు మాట దొరక్కపోతే అక్కడ దొరుకుతుంది, అందుకు వాడుకోండి. మూడో ఫోనులో వీడియో, ఆరు నిమిషాల్లో నాలుగు నిమిషాలు "మా చానల్‌ని సబ్‌స్క్రైబ్ చేసుకోండి".

అప్పుడు ఎంబీబీఎస్ అయి ఏడాది కూడా కాని పిల్ల డాక్టరు ఒక లెక్క వేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు చెప్పేది రోజుకు 5 గ్రాముల కంటే తక్కువ. నలుగురు పెద్దవాళ్ళున్న ఇంటికి రోజుకు 20 గ్రాములు. అంటే కిలో ఉప్పు ప్యాకెట్టు 50 రోజులు రావాలి, అదీ పచ్చడి జాడీలో వేసిన ఉప్పు కలుపుకుని. "మీ ఇంట్లో ప్యాకెట్టు ఎన్నాళ్ళొస్తుందండీ?" అని ఆవిణ్ణి మర్నాడు అడిగితే, "మూడు వారాలు కూడా రాదండీ" అంది, తనే ఆశ్చర్యపోతూ. ఆ ప్రశ్న ఏ వెబ్‌సైటులోనూ లేదు. మూడు చోట్ల వెతికి, మూడింటిలోనూ లోటు కనబడ్డాకే అది పుట్టింది. వర్క్‌షాపులో ఇది పుట్టదు.

ఇంకో వారం షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్. కిడ్నీలు పాడైపోతాయని వాట్సాప్‌లో వచ్చిందని మాత్ర మానేసినాయన. ఆ మాత్ర కిడ్నీని పాడుచేయదు. కిడ్నీ పని బాగా తగ్గినప్పుడు దాన్ని తగ్గించడమో ఆపడమో చేస్తాం, జనం దాన్ని తిరగేసి అనుకున్నారు. ఇలాంటి చోట పేజీ లింకు ఇస్తే లాభం లేదు. ఆయన చూసిన వీడియోనే ఆయనతో కలిసి తెరిచి, ఎవరు మాట్లాడుతున్నారు, కింద ఏ చూర్ణం అమ్ముతున్నారు అని చూపించడమే మందు. డాక్టరుకు అది అరనిమిషంలో చేయడం రావాలి. విసుక్కోకుండా చేయడం రావడానికి మాత్రం ఎక్కువ గురువారాలు పడతాయి.

చివరి మెట్టు, చెప్పింది తిరిగి చెప్పించుకోవడం. "అర్థమైందా?" అని అడగొద్దు. గోదావరి జిల్లాల్లో ఆ ప్రశ్నకు జవాబు ఒక్కటే, "ఆయ్, అర్థమైందండీ". మర్యాద అది, జవాబు కాదు. "ఇంటికెళ్ళాక మీ ఆవిడగారికి ఏం చెబుతారు?" అని అడగండి, అసలు సంగతి బయటపడుతుంది.

దీనికి లోట్లు లేవని కాదు. నడిపించే మనిషి ఒకరుండాలి, ఆయన సెలవు పెడితే గురువారం ఎగిరిపోతుంది. సీజన్ జ్వరాల్లో ఓపీ సాయంత్రం దాకా సాగితే పావుగంట కూడా దొరకదు. మేం ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో ఆపేస్తాం, మళ్ళీ దసరా తర్వాతే.

తయారుగా పెట్టిన జాబితా

టైము అసలే లేనివాళ్ళకు ఇదే. ఎక్కువగా వచ్చే పది జబ్బులకు ఒక్కొక్క పేజీయో వీడియోయో ముందే ఎంచి, క్యూఆర్ కోడ్ చేసి, గోడకు అంటించడం. డాక్టరు వెతకక్కర్లేదు, వేలు చూపిస్తే చాలు. నర్సులూ ఏఎన్‌ఎమ్‌లూ కూడా వాడతారు. నిజానికి వాళ్ళే ఎక్కువ వాడతారు.

ఇది నిలవ ఉండదు, చేపల కూర లాంటిది. లింకులు చచ్చిపోతాయి, వీడియోలు తీసేస్తారు. ఆరు నెలలకోసారి అన్నీ నొక్కి చూసే బాధ్యత ఒకరి పేరు మీద రాసి ఉండకపోతే ఈ దారి ఎంచుకోవద్దు. ఇంకొకటి, వరద. గోదారి పొంగి లంకల్లో కరెంటు పోయినప్పుడు క్యూఆర్ కోడ్ గోడ మీద బొమ్మే. ఓఆర్‌ఎస్ కలపడం, పాము కాటు, నీళ్ళు కాచుకోవడం, ఈ మూడూ అచ్చువేసిన కాగితంగా కూడా ఉండాలి.

పాము కాటు అన్నాను కాబట్టి, జాబితా తయారుచేసేవాళ్ళకు అదే పరీక్ష పెట్టండి. తెలుగులో వెతికితే తాడు బిగించి కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం చూపించే వీడియోలు తగులుతాయి. మూడూ తప్పే. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, టెన్షన్ పెట్టకుండా, పాము విషానికి మందు ఉన్న ఆసుపత్రికి త్వరగా తీసుకెళ్ళడమే చేయాల్సింది. వరికోతల ముందు ఈ ఒక్క వీడియో సరిగ్గా ఎంచి పంచగలిగినవాళ్ళకు మిగతా తొమ్మిదీ అప్పజెప్పొచ్చు.

చాట్‌బాట్ సంగతి

కుర్ర డాక్టర్లందరూ అడిగేది ఇదే, "ఏఐని అడిగేస్తే పోలేదా సార్?" అని. సమాచారం వెతకడానికి దాన్ని నమ్మొద్దు. మీరు ముందే సరిచూసిన ఇంగ్లీషు పేజీని ఇచ్చి, "పదో తరగతి చదివిన గోదావరి జిల్లా రైతుకు అర్థమయ్యేలా చెప్పు" అంటే చిత్తుప్రతి బాగానే వస్తుంది. డోసులు, అంకెలు, "వద్దు" అన్న మాటలు మీరే ఒక్కొక్కటీ చూసుకోవాలి. పేషెంటు పేరు, రిపోర్టు దాంట్లో పెట్టొద్దు. 2023లో వ్యక్తిగత డేటా చట్టం వచ్చింది, అది లేకపోయినా వద్దు.

ఎవరికి ఏది

మెడికల్ కాలేజీ అయితే వర్క్‌షాపు వద్దు. 2019 నుంచి ఎంబీబీఎస్‌లో సంభాషణ, నడవడిక పాఠాలు ఎలాగూ ఉన్నాయి, అందులోనే కలపండి. కాకినాడ రంగరాయలోనో అమలాపురం కిమ్స్‌లోనో ఉన్న హౌస్‌సర్జన్ వారానికి ఒక సమాచార చీటీ రాస్తే ఏడాదికి యాభై రాస్తాడు. అంత సాధన మనలో ఎవరికీ లేదు.

ముగ్గురు డాక్టర్లున్న నర్సింగ్‌హోమ్‌కు గురువారం పద్ధతి. ఖర్చు టీ, రెండు ప్లేట్ల పకోడీ. పీహెచ్‌సీలో ఒక్కరే డాక్టరుంటే పక్క రెండు పీహెచ్‌సీలతో వీడియో కాల్‌లో అదే చేయొచ్చు, గోడ మీద జాబితా ఎలాగూ పెట్టుకోవాలి. డాక్టర్ల సంఘాలవాళ్ళు వర్క్‌షాపు పెట్టక మానరు. పెట్టండి, కానీ ఏడాదికి ఒక్కటి, అదీ గురువారాలు నడిపే మనుషుల్ని తయారుచేయడానికి. మిగతా డబ్బు జాబితాను సరిచూసే మనిషికి ఇవ్వండి. ఆన్‌లైన్ కోర్సు గురువారాలు నడిపేవాళ్ళకూ, జాబితా సరిచూసేవాళ్ళకూ మాత్రమే, తూచడం నేర్చుకోవడానికి. అందరి మీదా రుద్దొద్దు.

లంక రైతుకు కాగితం మార్చి ఇచ్చాం. "కూర్చున్నా పడుకున్నా కాలు కింద తలగడ పెట్టి ఎత్తుగా ఉంచండి. రోజూ సబ్బుతో కడగండి. వేళ్ళ సందుల్లో తడి లేకుండా మెత్తటి గుడ్డతో అద్దండి. బిళ్ళకట్టి చలిజ్వరం వస్తే ఆగకుండా రండి." నాలుగే వాక్యాలు. నెల తర్వాత వచ్చినప్పుడు ఎలా కడుగుతున్నారో చేసి చూపించమన్నాను. బల్ల మీద కాలు పెట్టి, పాత పంచె ముక్కతో ఒక్కో వేలి సందూ అద్ది చూపించాడు. పొల్లు పోలేదు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి అడిగాడు:

"చెరువు నీళ్ళతో కడుక్కున్నా పర్లేదాండీ? కుళాయి రెండ్రోజులకోసారి వస్తందండి."

కాగితంలో అది లేదు. వచ్చే గురువారం కేసు అదే.